సరిపోలని అంకె

ప్రాసెసర్ యాభై శాతం పనిచేస్తోందని తెర మీద చదువుతుంటాం. లోపల అలాంటిదేమీ జరగదు. ఏ క్షణాన చూసినా ఒక కోర్ పనిలో ఉంటుంది, లేదంటే ఖాళీగా ఉంటుంది. సగం పని అనే స్థితి దానికి లేదు. గడిచిన సెకనులో ఎంతసేపు పనిలో ఉందో, ఎంతసేపు ఖాళీగా ఉందో లెక్కగట్టి చెప్పే సగటే ఆ శాతం. ఆ సగటు కట్టాలంటే ఒకసారి చదివితే చాలదు. ఇప్పుడొకసారి చదవాలి, కాసేపాగి ఇంకోసారి చదవాలి, రెంటి తేడాను గడిచిన కాలంతో భాగించాలి. అందుకే ఇలాంటి మీటర్లు చాలావరకు తెరవగానే మొదట సున్నా చూపిస్తాయి, లేదా ఏమీ చూపించవు. పోల్చుకోవడానికి వాటి దగ్గర వెనకటి అంకె ఉండదు.

ఇంత చిన్న లెక్కే కదా, ఒక పూటలో రాసెయ్యొచ్చని కుర్రాళ్లు అనుకుంటారు. మా అక్క కొడుకూ అలాగే అనుకున్నాడు. వాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. మినీ ప్రాజెక్టుకు అంశం కోసం వెతుకుతుంటే అది వాళ్ల నాన్న దుకాణంలోనే దొరికింది.

బావకు తెనాలిలో డీటీపీ సెంటరుంది. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు. ముహూర్తాలున్న నెలల్లో రాత్రి పదైనా షట్టరు దించడు. ఆ దుకాణంలో ముఖ్యమైన కంప్యూటరు ఒకటుంది. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 8 ఎంబీ క్యాష్ ఉన్న ప్రాసెసర్. ఆ పనులకు అది ఎక్కువే. అయినా కోరల్‌డ్రా తెరుచుకోవడానికి ఆవలింత వచ్చేంత సేపు పట్టేది. నాలుగు పేజీల శుభలేఖను పీడీఎఫ్ చెయ్యమంటే కస్టమరు బయటికెళ్లి టీ తాగి వచ్చేవాడు.

బావ మాత్రం యంత్రాన్ని తప్పుపట్టేవాడు కాదు. తెర మీద కుడివైపు పైమూలన ఒక గుండ్రటి డయల్ ఉండేది, దాని పక్కనే ఇంకొంచెం చిన్నది మెమరీకి. విండోస్ విస్టా 2007లో జనంలోకి వచ్చినప్పుడు డెస్క్‌టాప్ గాడ్జెట్లని కొన్ని బొమ్మలు తెచ్చింది. గడియారం, క్యాలెండరు, వాతావరణం, ప్రాసెసర్ మీటరు. విండోస్ 7లో కూడా అవి ఉండేవి. వాటి ద్వారా కంప్యూటరులోకి చొరబడే వీలుందని మైక్రోసాఫ్ట్ 2012 జులైలో ప్రకటించి, వాటిని ఆపేసుకోమని చెప్పింది. విండోస్ 8 నుంచి అవి లేనే లేవు. బావకు ఆ డయల్ మీద అలవాటు పడిపోయింది. విండోస్ 10కు మారినప్పుడు అది కనబడక ఇబ్బందిపడి, కంప్యూటరు బిగించిన కుర్రాడి చేత అచ్చం అలాంటి డయలే మళ్లీ పెట్టించుకున్నాడు. నీలం అంచు, తెల్ల ముల్లు. చూడ్డానికి నిజంగా బాగుంటుంది.

"చూడు, అయిదు దాటదు. మిషను ఖాళీగానే ఉందిరా. ఈ కొత్త సాఫ్ట్‌వేర్లే బరువెక్కాయి," అనేవాడు.

మా వాడికి ఆ అయిదు నచ్చలేదు. అయిదు శాతమే వాడుతుంటే మిగిలిన తొంభై అయిదు ఎవరి కోసం కూర్చున్నట్టు? ఆ డయల్‌లో మొత్తం ఒకటే అంకె. ఏ కోర్ ఎంత పనిలో ఉందో చెప్పదు, గంట కిందట ఎంతుందో చెప్పదు. అవన్నీ చెప్పే మీటరు తనే రాస్తానన్నాడు. గైడ్ ఒప్పుకున్నారు.

కాలేజీ ల్యాబులో ఉన్నది లైనక్స్. అక్కడ ఈ పని తేలిక. ప్రాక్ అనే డైరెక్టరీలో స్టాట్ అనే ఫైలు ఉంటుంది. తెరిస్తే మొదటి వరసలోనే మొత్తం ప్రాసెసర్ లెక్క కనబడుతుంది. యూజర్ పనికి ఇంత, సిస్టమ్ పనికి ఇంత, ఖాళీగా ఉన్నది ఇంత, డిస్కు కోసం ఎదురుచూసింది ఇంత. సాధారణంగా సెకనులో నూరో వంతు చొప్పున లెక్కపెట్టిన అంకెలవి. డిస్కు కోసం ఎదురుచూసిన అంకెను నమ్మలేమని లైనక్స్ కెర్నెల్ డాక్యుమెంటేషనే ఒప్పుకుంటుంది. ఇలా తన లెక్కలో బలహీనమైన అంకె ఏదో ముందే చెప్పే పరికరాలంటే నాకు గౌరవం. మా వాడి మీటరు అక్కడ మొదటి రోజే సరిగ్గా పనిచేసింది.

అదే లెక్కను ఇంటి దగ్గర తన ల్యాప్‌టాప్‌లో విండోస్ మీద రాశాడు. సంక్రాంతి సెలవులు. అందరం అక్కా వాళ్లింట్లోనే ఉన్నాం. ప్రోగ్రామ్ నడిపాడు. ఏ పనీ లేకుండా ఊరికే తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ యాభై శాతం పనిచేస్తోందని చూపించింది. పాట పెడితే యాభై ఒకటి. ఆపితే మళ్లీ యాభై.

బావ పెద్దగా నవ్వాడు. "ఏ పనీ లేకుండానే యాభయ్యా? పని చెప్తే నూటయాభై చూపిస్తుందేమో!"

వాడి మొహం చిన్నబోయింది. ఆ రాత్రంతా కూర్చుని కారణం పట్టుకున్నాడు. విండోస్‌లో గెట్‌సిస్టమ్‌టైమ్స్ అనే ఫంక్షన్ మూడు అంకెలిస్తుంది: ఖాళీ కాలం, కెర్నెల్ కాలం, యూజర్ కాలం. లైనక్స్ అలవాటుతో వీడు మూడూ కూడి మొత్తం అనుకున్నాడు. విండోస్‌లో కెర్నెల్ కాలంలోనే ఖాళీ కాలం కూడా కలిసి ఉంటుంది. ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లో ఒకే ఒక్క వాక్యం. యంత్రం నూటికి నూరు ఖాళీగా ఉందనుకోండి. ఖాళీ కాలం 100, కెర్నెల్ కాలం కూడా ఆ 100 కలుపుకుని 100, యూజర్ కాలం 0. మూడూ కూడితే 200. అందులో కెర్నెల్, యూజర్ కలిపి 100. భాగిస్తే యాభై. ఏ పనీ చెయ్యని యంత్రానికి యాభై శాతం పని అలా అంటగట్టాడు. ఆ కలిసిపోయిన ఖాళీని తీసేశాక ల్యాప్‌టాప్‌లో అంకె రెండుకీ మూడుకీ మధ్య నిలబడింది. విండోస్ సొంత టాస్క్ మేనేజర్ కూడా అంతే చూపించింది.

యాభై శాతం అనే ఆ ఒక్క తప్పును ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. తర్వాత జరిగినదంతా దాని నీడలోనే జరిగింది కాబట్టి ఇంత వివరంగా చెప్పాను.

మిగిలిన చికాకులు ఇంత పెద్దవి కావు గానీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముల్లు చకచకా కదలాలని సెకనుకు పదిసార్లు చదివించాడు. అంకె పిచ్చిపట్టినట్టు ఎగిరింది. విండోస్ మామూలుగా సెకనుకు 64 సార్లే టిక్కు కొట్టి కాలం లెక్క రాసుకుంటుంది. పదోవంతు సెకనులో ఆరేడు టిక్కులే పడతాయి. ఒక్క టిక్కు అటో ఇటో అయితే ఒక కోర్ లెక్క పదిహేను పదహారు శాతం మారిపోతుంది. సెకనుకు ఒకసారికి తగ్గించాడు. తర్వాత మీటరు బొమ్మ గియ్యడానికే ప్రాసెసర్ ఖర్చవుతోందని తేలింది. పారదర్శకమైన కిటికీ, మెత్తగా జారే ముల్లు, వెనక నీడ, అన్నీ పనే. తను చూసే పనికి తనే పని కలిపే పరికరం ఉండి ఏం లాభమని వాటన్నిటినీ తీసేసి వట్టి అంకెలూ గీతలే ఉంచాడు. అందం పోయింది. నా మటుకు నాకు ఆ రూపమే బాగుందనిపించింది.

టాస్క్ మేనేజర్‌తో పోల్చడం ఇంకో తలనొప్పి. అది 1996లో విండోస్ ఎన్‌టీ 4.0తో వచ్చింది. రాసినవాడు డేవ్ ప్లమ్మర్. అప్పటి నుంచి చాలాకాలం అది ప్రాసెసర్ ఎంతసేపు పనిలో ఉందో ఆ కాలాన్నే చూపించేది. విండోస్ 8లో లెక్క మారింది, విండోస్ 10లోనూ అదే. ఎంతసేపు అన్నదానితోపాటు ఎంత వేగంతో అన్నది కూడా కలుపుతుంది. ప్రాసెసర్ తన మూలవేగాన్ని దాటి టర్బోలో పరిగెడితే ఆ లెక్క నూరు కూడా దాటుతుంది. టాస్క్ మేనేజర్ దాన్ని నూరు దగ్గర ఆపేస్తుంది. అంటే ఒకే యంత్రం మీద ఒకే క్షణాన రెండు మీటర్లు రెండు అంకెలు చూపించినా రెండూ నిజమే కావచ్చు. నాలుగైదు శాతం తేడాలకు కారణం అదని తెలుసుకుని మా వాడు కుదుటపడ్డాడు.

ఫిబ్రవరిలో మీటరును తీసుకెళ్లి దుకాణం కంప్యూటరులో పెట్టాడు.

అంకె 54.

పక్కనే బావ డయల్ 5.

"మళ్లీ అదే యాభై!" అన్నాడు బావ. ఈసారి నవ్వలేదు. కౌంటరు దగ్గర ఇద్దరు కస్టమర్లున్నారు. "ఒరేయ్, ఇంటి దగ్గర సరిచేశానన్నావుగా?"

సరిచేశాడు. కోడ్ మళ్లీ చదివాడు, కెర్నెల్ కాలం నుంచి ఖాళీ కాలం తీసేసే వరస ఉండాల్సిన చోటే ఉంది. సరే, పెద్దమనిషిని అడుగుదామని టాస్క్ మేనేజర్ తెరిచాడు. అది 6 చూపించింది. వీడి మీటరు కూడా చూస్తుండగానే 54 నుంచి జారి 6 దగ్గర ఆగింది. టాస్క్ మేనేజర్ మూశాడు. కాసేపటికి వీడి మీటరు మళ్లీ 54. తెరిస్తే 6, మూస్తే 54. ఎన్నిసార్లు చేసినా అంతే. డయల్ మాత్రం తెరిచినా మూసినా 5 దగ్గరే స్థిరంగా ఉంది.

ఆ వారం వాడు నాకు ఫోన్ చేస్తే గొంతులో ఏడుపొక్కటే తక్కువ. "మామయ్యా, పక్కన ఇంకో మీటరుంటేనే ఇది నిజం చెప్తోంది. ఒంటరిగా వదిలేస్తే తప్పు చెప్తోంది. ఎందుకో అర్థం కావట్లేదు," అన్నాడు. వెనక పడి ఉన్న ప్రోగ్రాములను విండోస్ నెమ్మదింపజేస్తుందేమోనని అనుమానించాడు. టైమర్ మార్చాడు. గెట్‌సిస్టమ్‌టైమ్స్ మానేసి పెర్ఫార్మెన్స్ కౌంటర్లతో మొత్తం తిరగరాశాడు. అప్పుడూ 54. ల్యాప్‌టాప్‌లో పెడితే 3. కాలేజీలో పెడితే 2. దుకాణంలో మాత్రమే 54.

ప్రాజెక్టు మొదటి సమీక్షకు దుకాణంలో తీసిన రీడింగులతో పట్టిక కట్టాడు. మూడు నిలువు గడులు: డయల్, టాస్క్ మేనేజర్, తన మీటరు. 5, 6, 54. వరస తర్వాత వరస అదే. టాస్క్ మేనేజర్ తెరవగానే తన అంకె పడిపోతోందన్నది కూడా దాచకుండా కింద రాశాడు. అది చదివి గైడ్, "ఒక ప్రామాణిక పరికరం, ఇంకో పరికరం ఒకే మాట చెప్తున్నాయి. నీదొక్కటే వేరే చెప్తోంది. మరి తప్పు ఎక్కడున్నట్టు?" అన్నారు. ఖచ్చితత్వం అనే గడిలో పదికి మూడు వేశారు. తర్వాత దయగానే ఒక దారి చూపించారు. ఇంటర్‌లో స్క్రూ గేజ్ ప్రాక్టికల్ చేశావు కదా, జీరో ఎర్రర్ ఉంటే ఏం చేస్తాం, దాన్ని రీడింగులోంచి తీసేస్తాం, నీ మీటరుకీ అదే చెయ్యి అన్నారు.

ఈ సలహా విన్నప్పుడు నాకు కలిగిన అసంతృప్తి ఇప్పటికీ పోలేదు. స్క్రూ గేజ్ రెండు మొనలూ తాకించి చూసినప్పుడు మధ్యలో ఏమీ లేదని కంటికి కనబడుతుంది. కాబట్టే అక్కడ చూపించే అంకె దోషమని ధైర్యంగా అనగలం. ఇక్కడ మధ్యలో ఏమీ లేదని ఎవరు చూశారు? డయల్ చెప్పింది. ఆ డయల్‌ను ఎవరు పరీక్షించారు? ఎవరూ పరీక్షించలేదు. అది ముందు నుంచీ అక్కడ ఉంది, అందంగా ఉంది, అందరూ వినాలనుకున్న అంకె చెప్తోంది. కుర్రాడి చేతిలోని పరికరానికి రుజువులడిగాం, గోడకు తగిలించిన పరికరాన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మన ల్యాబుల్లో ఇది రోజూ జరుగుతోంది. పుస్తకంలో ఉన్న విలువ రాకపోతే పిల్లలు రీడింగు దిద్దుతారు, దిద్దినవాళ్లకే మార్కులొస్తాయి.

మా వాడు వారం పాటు ఆ సలహాను పక్కనపెట్టాడు. ఆఖరికి గడువు ముంచుకొచ్చి ఒక వరస చేర్చాడు. మీటరు తెరిచిన మొదటి పది నిమిషాల్లో అన్నిటికంటే తక్కువగా వచ్చిన అంకెను గుర్తుంచుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి అంకెలోంచీ దాన్ని తీసేస్తుంది. సున్నా కన్నా తగ్గితే సున్నా చూపిస్తుంది. దుకాణంలో పెట్టాడు. 4 వచ్చింది. డయల్ 5. బావ భుజం తట్టి, "ఇప్పుడు దారిలో పడింది," అన్నాడు. కోరల్‌డ్రా తెరుచుకోవడానికి అంతే సేపు పట్టింది. దాని గురించి ఆ పూట ఎవరూ మాట్లాడలేదు. రెండో సమీక్ష బాగా జరిగింది.

ఎండలు ముదిరాక కరెంటు పోతూ వస్తూ ఉంది. దుకాణంలో యూపీఎస్ ఇదివరకంతసేపు ఆగడం లేదు. ఫైలు సేవ్ చేసుకునే లోపలే కీచుమంటోంది. బ్యాటరీ పోయిందని బావ కొత్తది వేయించాడు, పన్నెండు వోల్టులది. అయినా అదే తంతు. వేసిన మెకానిక్‌ను పిలిపించి నిలదీశాడు. వయసు మళ్లిన మనిషి. ఎండనపడి సైకిలు మీద వచ్చాడు. ఆ మధ్యాహ్నం నేనూ అక్కడే ఉన్నాను.

"బ్యాటరీ బాగానే ఉంది సార్. లోడు ఎక్కువుంది," అన్నాడాయన.

"లోడెక్కడిదయ్యా? శుభలేఖ ప్రింటు కూడా ఇవ్వట్లేదు ఇప్పుడు. ఇదిగో చూడు, అయిదు శాతం." బావ డయల్ చూపించాడు. "మా వాడు రాసిందీ అదే చెప్తోంది."

"నాకు తెర మీద లెక్కలు తెలీవు సార్. తీగలో ఎంత పోతోందో అది చెప్పగలను."

సంచిలోంచి టాంగ్ టెస్టర్ తీశాడు. కంప్యూటరుకు వెళ్లే తీగ పైతోలు కాస్త విప్పి, లోపలి తీగల్లోంచి ఫేజ్ ఒక్కదాన్నే వేరుచేసి దాని చుట్టూ కొక్కెం తగిలించాడు. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి పడితే పోయే కరెంటూ వచ్చే కరెంటూ కొట్టేసుకుని సున్నా చూపిస్తుందట. టెస్టర్ 0.6 ఆంపియర్ల దగ్గర నిలబడింది. "ఊరికే ఉన్న కంప్యూటరుకు ఇంత ఉండదు సార్," అన్నాడు.

బావ ఒప్పుకోలేదు. "ఒరేయ్, ఆ టాస్క్ మేనేజర్ తెరిచి చూపించు. అది మైక్రోసాఫ్ట్ వాడిది, అబద్ధమాడదు."

మా వాడు తెరిచాడు. తెర మీద 6 శాతం. బావ విజయంతో మెకానిక్ వైపు తిరిగాడు. మెకానిక్ తెర వైపు చూడనే లేదు. చేతిలో టెస్టర్ వైపే చూస్తున్నాడు. 0.6 పడిపోయి 0.35 అయింది.

"అది మూసెయ్ బాబూ."

మూశాడు. కాసేపటికి 0.6.

"మళ్లీ తెరువు."

0.35.

మూడోసారి కూడా చేయించి, ఆయన టెస్టర్‌ను తీగ మీంచి తీసి సంచిలో పెట్టుకుంటూ అన్నాడు: "ఆ బొమ్మ తెరిస్తే లోపల పని ఆగిపోతోంది బాబూ. మూస్తే మొదలెడుతోంది. మీరు చూస్తున్నారని దానికి తెలుస్తోంది."

మా వాడు రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. తీగలో కరెంటుకు కెర్నెల్ కాలం తెలియదు, టర్బో తెలియదు, వాడు రాసిన ప్రోగ్రామ్ సంగతి అసలే తెలియదు. అది కూడా దాదాపు సగానికి పడి లేస్తోందంటే 54 నిజం. టాస్క్ మేనేజర్ తెరిచినప్పుడు కనిపించే 6 కూడా నిజమే. ఆ తెరిచినంతసేపూ మాత్రమే నిజం.

ఇలాంటివి ఉన్నాయి. మనకు తెలియకుండా మన ప్రాసెసర్‌తో క్రిప్టో కరెన్సీ తవ్వించుకునే దొంగ ప్రోగ్రాములు. 2019లో వరోనిస్ అనే భద్రతా సంస్థ నార్మన్ అని పేరుపెట్టిన ఒకదాన్ని బయటపెట్టింది. ఎవరైనా టాస్క్ మేనేజర్ తెరిస్తే అది ఆగిపోతుంది, మూశాక మళ్లీ మొదలవుతుంది. వీటికి ఇష్టమైన నాణెం మొనేరో. 2019 నవంబరులో దాని తవ్వకం పద్ధతిని మామూలు కంప్యూటర్లలో ఉండే ప్రాసెసర్లకు అనుకూలంగా ఉండేలా మార్చారు. ఒక్కో థ్రెడ్‌కు 2 ఎంబీ క్యాష్ కావాలి. నాలుగు థ్రెడ్లు నడిపితే 8 ఎంబీ. బావ ప్రాసెసర్‌లో ఉన్నదంతా అంతే. ఎనిమిది థ్రెడ్లలో నాలుగే వాడితే శాతం యాభై దగ్గరే ఉంటుంది గానీ, థ్రెడ్లు రెండేసి ఒక్కో కోర్‌ను పంచుకునేవి కాబట్టి అసలు బలంలో సగం కన్నా చాలా ఎక్కువే పోతుంది. కోరల్‌డ్రాకు మిగిలింది అడుగూబొడుగూ.

మా వాడు టాస్క్ మేనేజర్ జోలికి పోలేదు. పవర్‌షెల్ తెరిచి, నడుస్తున్న ప్రోగ్రాములన్నిటినీ అవి ఇప్పటిదాకా తిన్న ప్రాసెసర్ కాలం వారీగా వరసపెట్టమని ఒక్క ఆదేశం ఇచ్చాడు. దొంగ ఆ కిటికీని కనిపెట్టి ఉండలేదు. ఉదయం తొమ్మిదికి కంప్యూటరు వేశారు, అప్పుడు సాయంత్రం నాలుగు. గోడగడియారం లెక్కన ఏడు గంటలు. జాబితాలో అన్నిటికన్నా పైనున్న ప్రోగ్రామ్ తిన్న ప్రాసెసర్ కాలం పాతిక గంటలు పైచిలుకు. నాలుగు థ్రెడ్ల మీద పొద్దుటి నుంచీ నడుస్తోంది మరి.

దాని పేరు చదివి వాడు తల ఎత్తి తెర కుడివైపు పైమూలకు చూశాడు. బావ కూడా అటే చూశాడు.

నీలం అంచు, తెల్ల ముల్లు. తను తింటున్నది తీసేసి, మిగిలిన అయిదే చూపిస్తూ వచ్చింది.

ఆ సాయంత్రమే దాన్ని తీసేశారు. డిస్కు మొత్తం తుడిచి విండోస్ మళ్లీ వేశారు. మా వాడు తన ప్రోగ్రామ్‌లో ఆ జీరో ఎర్రర్ వరసను కొట్టేసి మీటరును తిరిగి పెట్టాడు. 4 చూపించింది. కోరల్‌డ్రా మామూలుగా తెరుచుకుంది. యూపీఎస్ పాత లెక్కకు వచ్చింది. మెకానిక్ రానుపోను ఖర్చు కూడా తీసుకోనన్నాడు, బావ బలవంతంగా జేబులో పెట్టాడు.

మర్నాడు వాడు కాలేజీకి వెళ్లి గైడ్‌కు జరిగిందంతా చెప్పాడు. రెండో సమీక్షలో చూపించింది తప్పు ప్రోగ్రామ్ అనీ, మొదటిదే సరైనదనీ, పట్టిక మార్చి రాసి ఇస్తాననీ అన్నాడు. ఆయన ఓపిగ్గా విన్నారు. మార్కులు ఎక్కించడం అయిపోయిందనీ, ఇక మార్చడం కుదరదనీ చెప్పారు.

ఖచ్చితత్వం గడిలో 54 అని నిజం చెప్పిన ప్రోగ్రామ్‌కు 3, దాన్ని 4 అని దిద్ది చూపించిన ప్రోగ్రామ్‌కు 10 అలాగే ఉన్నాయి.